గుంట ఉంటాది

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. మా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టీ తాగేటప్పుడు ఎవరో ఒకరు మొదలుపెట్టేవారు. మేనమామకు తాటితోపులో ఏదో కనబడిందట, అద్దెకు దిగిన ఇంట్లో గాజుల చప్పుడు వినబడిందట. నేను గ్లాసు పట్టుకుని నా సీట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి. కనబడని మనుషుల గొంతులు వినడమే నా ఉద్యోగం. ఫాల్ట్ సెక్షన్లో కూర్చుని లైన్లో గురగుర ఎక్కడ వస్తోందో, ఎవరి మాట ఎవరి లైన్లోకి దూరుతోందో పట్టుకోవడం నా పని. ఏ గొంతయినా ఎక్కడో ఒకచోట ఒక మనిషి నోట్లోంచే వస్తుంది. దెయ్యాలను నమ్మేవాడు ఆ సీట్లో ఒక్క పూట కూడా పనిచేయలేడు.

కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నేనేదో నమ్మి చెబుతున్నానని అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు చెబుతాను. దీనికి అర్థం ఏమిటని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న నన్ను నేనే అడుక్కుని అడుక్కుని విసిగిపోయి ఉన్నాను.

మాది రేపల్లె వైపు. ఉద్యోగం విశాఖపట్నంలో. నా భార్య రాజేశ్వరిది విజయనగరం దగ్గర పల్లె. పెళ్ళయిన కొత్తలో వాళ్ళ నాయనమ్మ నా చేతులు రెండూ పట్టుకుని, "మా గుంటని బాగా సూసుకో బాబూ" అంది. నేను చుట్టూ చూశాను. మా వైపు గుంట అంటే నీళ్ళు నిలిచే గొయ్యి. ఇంటి వెనక ఏదో గొయ్యి ఉంది, కొత్త అల్లుడు చూసుకోకుండా పడతాడని ఆవిడ భయం కాబోలు అనుకున్నాను. "అలాగే మామ్మగారూ, చూసుకునే నడుస్తాను" అన్నాను. ఇంటిల్లిపాదీ పొట్టలు పట్టుకుని నవ్వారు. వాళ్ళ వైపు గుంట అంటే ఆడపిల్ల.

ఆ నవ్వుకు బదులు తీర్చుకోవాలని నేను రాజేశ్వరి మాటను ఆటపట్టించడం మొదలుపెట్టాను. ఆవిడ 'ఏటి' అంటే 'ఏ ఏటి సంగతి, గోదావరా కృష్ణా' అనేవాణ్ణి. ఆవిడా ఊరుకునేది కాదు, నా 'ఏంది'ని సాగదీసి సాగదీసి అప్పజెప్పేది. కొన్నాళ్ళకు విసుగొచ్చి ఆవిడే నా దారికి వచ్చింది. బాగా కోపం వస్తే తప్ప వాళ్ళ మాట బయటికి వచ్చేది కాదు. మా అమ్మాయి పుట్టేసరికి ఇంట్లో నడిచేది మా రేపల్లె తెలుగే. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

అమ్మాయి పేరు మౌనిక. ఆ రోజుల్లో వీధికో మౌనిక ఉండేది. పేరుకే మౌనిక గానీ వట్టి వసపిట్ట. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన మనిషిని కూడా కూర్చోబెట్టి కబుర్లు చెప్పేది. దానికి ఐదేళ్ళప్పుడు, తొంభైల నడిమిలో ఒక ఎండాకాలం, టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది. ఆకలి వచ్చింది, ఆటలు వచ్చాయి. మాట రాలేదు.

గొంతు డాక్టరు గొంతు బాగుందన్నాడు. చెవి డాక్టరు చెవి బాగుందన్నాడు. అన్నీ బాగుంటే పిల్ల ఎందుకు మాట్లాడదయ్యా అంటే, వస్తుందిలెండి, తొందరేముంది అన్నారు. మనం చెప్పింది వింటుంది, చెప్పిన పని చేస్తుంది. నోరు మాత్రం తెరవదు. నవ్వినా చప్పుడు రాదు. పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తుందే తప్ప పలకదు. పలకని పిల్లని పిలవడం ఎంత కష్టమో నాకు ఆ నెలల్లో తెలిసింది.

దానికి తోడు చుట్టాలు. మౌనిక అని పేరు పెట్టుకుని మాట రాలేదని ఏడిస్తే ఎలా అని మా పెద్దమ్మ నా మొహం మీదే అంది. ఒకావిడ పేరు మార్చమంది. ఇంకొకావిడ వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాయమంది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎవరిమీద అరవాలో తెలియక ఆఫీసులో లైన్‌మెన్ మీద అరిచేవాణ్ణి.

చివరికి ఒక ముసలి పిల్లల డాక్టరు మా ఇల్లు ఎక్కడో అడిగాడు. మేముండేది క్యాసెట్ల షాపు పైన. తెల్లారి భక్తి పాటలతో మొదలుపెడితే షాపు మూసేదాకా స్పీకర్లు ఆగేవి కావు. ఎదురుగా ఆటోస్టాండు. "ఆ గోలలో పిల్ల మాట్లాడినా మీకు వినబడదు" అన్నాడాయన. కొన్నాళ్ళు జనం లేని చోటికి, చెట్లూ కొండలూ ఉన్న చోటికి తీసుకెళ్ళి వదిలేయండి, మాట్లాడమని వెంటపడకండి అన్నాడు. ఇన్నాళ్ళకు నాకు చేయడానికి ఒక పని దొరికింది. మనసు కాస్త కుదుటపడింది కూడా.

ప్రశాంతమైన చోటు కోసం వెతికి చూడండి, మన దేశంలో జనం ఎంతమందో అప్పుడు తెలుస్తుంది. టూరు టికెట్లు ఇచ్చే కౌంటరుకు వెళ్ళి, అరకు వైపు మనుషులు లేని చోటు ఏదైనా చెప్పమన్నాను. ఆయన నాకు రైల్లో వెళ్ళి బస్సులో వచ్చే ప్యాకేజీ చూపించాడు. గుహలు, తోట, మ్యూజియం, రాత్రికి మంట చుట్టూ డ్యాన్సు. మనుషులు లేని చోటండీ అని మళ్ళీ అన్నాను. మంచి గ్రూపు సార్, అందరూ ఫ్యామిలీలే అన్నాడు.

ఆఫీసులో నోరు జారాను. సాయంత్రానికి మా సెక్షనంతా తయారు. మీరొక్కరే వెళ్ళి అక్కడ ఏం చేస్తారు, మేమూ వస్తాం, పిల్లలంతా కలిస్తే అమ్మాయికి హుషారు వచ్చి మాట కూడా వస్తుందన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు, అదే నా ఖర్మ. ప్రయాణం మానేశానని అబద్ధం చెప్పి బయటపడ్డాను.

రాజేశ్వరికి వరసకు బాబాయి ఒకాయన, కామేశ్వరరావు గారు, డుంబ్రిగుడలో కిరాణా కొట్టు పెట్టుకుని ఉండేవారు. పల్లం నుంచి వెళ్ళి అక్కడే స్థిరపడిన మనిషి. సంతలో చింతపండు, పిప్పళ్ళు కొని కిందికి పంపిస్తుంటారు. బుద్రు అని ఒక కొండ రైతు ఇంటి పక్కనే చిన్న పెంకుటిల్లు సరుకు పెట్టుకోవడానికి అద్దెకు తీసుకున్నారు. ఇప్పుడు ఖాళీగా ఉందన్నారు. "పిట్ట తప్ప మరేటీ పలకదు అల్లుడుగారూ, బేగి వచ్చీండి" అని ఫోన్లో చెప్పారు. ఆ మాట వినగానే నేను సెలవు చీటీ రాసేశాను.

సెలవు దొరికింది కార్తీక మాసంలో. కార్తీకంలో ఆదివారం పూట కిరండూల్ ప్యాసింజర్ ఎక్కినవాడికి తప్ప ఆ బాధ అర్థం కాదు. విశాఖపట్నంలో సగం ఊరు వనభోజనాలకు అందులోనే బయల్దేరింది. గిన్నెలు, గరిటెలు, వంటవాళ్ళు, అంత్యాక్షరి. నేను తెల్లవారుజామునే వెళ్ళి కిటికీ పక్క సీటు పట్టాను. ఒకావిడ నా ఒళ్ళో పులిహోర గిన్నె పెట్టి, కాస్త పట్టుకోండి అన్నయ్యగారూ అని వెళ్ళిపోయి, బొర్రా వచ్చేదాకా మళ్ళీ కనబడలేదు.

ఆ లైన్లో లెక్కలేనన్ని సొరంగాలు. రైలు సొరంగంలోకి దూరగానే పెట్టెలో పిల్లలందరూ గొంతు చించుకుని కూతలు వేస్తారు. పెద్దవాళ్ళు కూడా వేస్తారు. చీకటి పడిన ప్రతిసారీ నేను వంగి మౌనిక పెదవుల దగ్గర చెవి పెట్టాను. ఈ గోలలో ఎవరికీ తెలియకుండా చిన్న కూతయినా వేస్తుందేమోనని ఆశ. దాని ఊపిరి మాత్రం నా చెవికి వెచ్చగా తగిలేది. వెలుగు వచ్చేసరికి నోరు మూసుకుని నా వంకే చూస్తుండేది.

అరకులో దిగి జీపులో డుంబ్రిగుడ చేరేసరికి అక్కడ సంత. ఇంత ప్లాను వేసుకుని సరిగ్గా సంత రోజున దిగాను. కొండల్లో ఉన్న ఊళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. బాబాయి గారు మమ్మల్ని కొట్టు ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి, వచ్చిన ప్రతివాడికీ అమ్మాయిని చూపించి, ఈ పాపకే మాట పోయిందని చెప్పడం మొదలుపెట్టారు. నేను లేచి, ఇల్లు చూపిస్తారా, తిరుగు రైలు ఎక్కమంటారా అన్నాను. రాజేశ్వరి నా చెయ్యి గిల్లింది.

ఇల్లు మాత్రం బాబాయి గారు చెప్పినట్టే ఉంది. కొండ వాలులో, కాఫీ తోట పక్కన. కిందుగా వలిసె పూల చేలు, కనుచూపుమేరా పసుపు. బుద్రు అప్పటికే పెద్ద వయసువాడు. ఆయనా, భార్య సుక్రీ వాళ్ళలో వాళ్ళు వాళ్ళ భాష మాట్లాడుకునేవారు. మాతో మాట్లాడే తెలుగు బాబాయి గారి కొట్టులో నేర్చుకున్నది, అంటే అచ్చం మా అత్తవారి ఊరి తెలుగు. మాటలు కూడా తక్కువే. ఆ సాయంత్రం మేం ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. నిజంగానే పిట్ట తప్ప మరేదీ పలకలేదు. ఆర్నెల్లుగా నా తలలో మోగుతున్నదేదో ఆగినట్టయింది.

ఆ సుఖం మర్నాడు పొద్దున్నదాకానే. చాపరాయి జలపాతం దగ్గర వనభోజనాలవాళ్ళకు చోటు చాలలేదట. ఒక జట్టు వ్యానులో మా ఇంటి కిందున్న గెడ్డ దాకా వచ్చేసింది. గెడ్డ అంటే అక్కడి కొండవాగు. వ్యాను దిగీ దిగగానే పెద్ద టేపురికార్డరు పెట్టారు. మా ఇంటి కింద క్యాసెట్ల షాపువాడు ఆ నెలంతా వాయించిన పాటలే. మా కర్మ వెనకే వచ్చిందని రాజేశ్వరి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కింద ఉన్నవాళ్ళతో దెబ్బలాడతానని లేచాను. ఆవిడే ఆపి, వాళ్ళతో ఎందుకు, మనమే గెడ్డ దాటి అటు పక్కకు వెళ్దాం, అన్నం గిన్నె పట్టుకొస్తాను అంది.

మేం బయల్దేరేటప్పుడు బుద్రు ముంగిట్లో చోళ్ళు, అంటే రాగులు, ఆరబోస్తున్నాడు. ఎటు అన్నట్టు చూశాడు. చేత్తో చూపించాను. ఆయన చేట కింద పెట్టి, నెమ్మదిగానే చెప్పాడు.

"గెడ్డ దాటి అటేపు ఎల్లకండి బాబూ. గుంట ఉంటాది."

సరేలే అన్నాను. రాజేశ్వరి కూడా సరే అంది. ఇద్దరం విన్నాం, ఇద్దరికీ అర్థమైంది. అర్థమైంది అనుకున్నాం కాబట్టి ఒకరినొకరం అడగలేదు. పిల్లని నడిపించుకుని వ్యానువాళ్ళకు దూరంగా పైనుంచి గెడ్డ దాటాం.

అవతల పక్క వలిసె చేను పిల్ల తల మునిగేంత ఎత్తుంది. మధ్యలో కాలిబాట. కాసేపటికి టేపురికార్డరు వినబడటం మానేసింది. నేను ఒక కర్ర విరుచుకుని, ముందు నేల పొడిచి చూస్తూ నడిచాను. రాజేశ్వరి మాత్రం తల ఎత్తి అటూ ఇటూ చూస్తూ, మాటిమాటికీ పైట సర్దుకుంటూ వచ్చింది. నేల చూసి నడవమని విసుక్కున్నాను. మీరేం వెతుకుతున్నారు నేలలో అని ఆవిడ విసుక్కుంది.

బాట ఒక పెద్ద బండరాయి దగ్గర రెండుగా చీలింది. కుడివైపుది గెడ్డకు దిగుతోంది. ఎడమవైపుది పైకి పోతోంది. అక్కడ రాజేశ్వరి మౌనిక చెయ్యి వదిలి, అన్నం గిన్నె బండ మీద పెట్టి, మీరిక్కడే ఆగండి, ముందు నేను వెళ్ళి చూసి పిలుస్తాను అంది. గుంట ఉందని చెప్పాడుగా, నువ్వు ముందు వెళ్ళడం ఏంటి, నేను వెళ్తాను అన్నాను.

"గుంట ఉంటే మగోడు ముందెల్తాడేటండీ? సిగ్గుండాలి."

"గుంటకు సిగ్గేంటే?"

ఆవిడకు నిజంగానే కోపం వచ్చింది. మాట వాళ్ళ ఊరి దారి పట్టింది. ఏ పిల్లో తానమాడుతుంటాది, అందుకే కదా ముసలాయన అటు ఎల్లొద్దన్నాడు, మీకు ఆ మాత్రం తెలీదేటి అంటూ అందుకుంది. నేను కర్ర నేలకేసి కొట్టి, గొయ్యి గురించి చెబుతుంటే స్నానమాడే పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చిందన్నాను. అలా ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం. మగపిల్లాడైతే 'ఉంటాడు' అని ఉండేవాడు బుద్రు, ఏ గొడవా ఉండేది కాదు. మన తెలుగులో ఆడపిల్లా ఉంటుంది, గొయ్యీ ఉంటుంది. రాజేశ్వరికి వాళ్ళ నాయనమ్మ గుర్తొచ్చింది. చూసుకునే నడుస్తాను మామ్మగారూ అని నా గొంతు పెట్టి అంది. నాకూ నవ్వాగలేదు. పిల్లకు జ్వరం వచ్చిన తర్వాత మేమిద్దరం అలా నవ్వడం అదే మొదటిసారి.

నవ్వి, కళ్ళు తుడుచుకుని చూస్తే మౌనిక లేదు.

బండ వెనక లేదు. వచ్చిన బాటలో లేదు. చుట్టూ పసుపు పూలు, పిల్ల తలకు పైన. గాలికి చేనంతా కదులుతోంది, ఎక్కడ కదిలినా అదేననిపిస్తోంది. మౌనికా అని అరిచాను. అరిచాక తెలిసింది నేను చేస్తున్న పనేమిటో. పిలిస్తే పలకని పిల్లని పిలుస్తున్నాను. రాజేశ్వరి చేనులోకి దూరి మొక్కలు రెండు చేతులా పాయలు చేసుకుంటూ పిలుస్తోంది. గెడ్డ ఉంది, గుంట ఉంది, పిల్ల అడుగు దూరంలో ఉన్నా మాకు తెలియదు.

నాకు దాని మీద కోపం వచ్చింది. భయం కూడా ఉంది, కానీ ముందు వచ్చింది కోపమే. ఆర్నెల్లుగా మింగుకున్నదంతా వచ్చింది. ఒక్కసారి పలకవే, ఒక్కసారి పలికితే నీ సొమ్మేం పోతుందే అని గొంతు పగిలేలా అరిచాను.

"ఓయ్" అని వినబడింది.

స్పష్టంగా వినబడింది. ఆడపిల్ల గొంతు. దూరం నుంచి అరిచినట్టు లేదు, పక్క గదిలోంచి పలికినట్టు మామూలుగా ఉంది. ఎడమవైపు, పై బాట నుంచి. మళ్ళీ పిలిచాను. మళ్ళీ "ఓయ్" అంది. నేను కుడివైపు గెడ్డకు దిగబోతూ ఉన్నాను అప్పటికి. మౌనికకు నీళ్ళంటే ఇష్టం, అటే పోయి ఉంటుందనుకున్నాను. ఆ గొంతు పలక్కపోతే అటే వెళ్ళేవాణ్ణి.

రాజేశ్వరి నిలబడిపోయింది. "మన గుంట గొంతు కాదది" అంది. ఎవరి గొంతైతే ఏంటి, పద అని చెయ్యి పట్టి లాక్కుపోయాను. నేను పిలుస్తూ పోయాను, అది పలుకుతూ పోయింది. నా పనే గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవడం అని చెప్పాను కదా. మేం ఎంత నడిచినా ఆ గొంతు దగ్గర కాలేదు, దూరమూ కాలేదు. చేను అయిపోయేచోట ఒక్కసారిగా ఆగిపోయింది.

చేను అవతల చదునైన రాతినేల. దాని మధ్య పెద్ద గుంట. రైలు మార్గం వేసేటప్పుడు రాయి తవ్వుకుపోయిన చోటు కాబోలు. అంచు పొడుగునా తీగలు అల్లుకుని ఉన్నాయి. కాలు జారేదాకా అక్కడ నేల లేదని తెలియదు. లోపల చాలా కింద నల్లటి నీళ్ళు. మౌనిక అంచుకు ఇవతల, గుంటకు వీపు పెట్టి, మా కోసమే చూస్తున్నట్టు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

రాజేశ్వరి పరుగెత్తి దాన్ని ఎత్తుకుంది. నేను లోపల ఎంత లోతుందో చూద్దామని ఇంకో అడుగు ముందుకు వేశాను. అప్పుడు మౌనిక తల్లి భుజం మీంచి నన్ను చూసి నోరు తెరిచింది.

"అటేపు ఎల్లకు నాన్నా. గుంట ఉంటాది."

ఆర్నెల్ల తర్వాత మా అమ్మాయి మాట్లాడిన మొదటి మాట అది. నేను అక్కడే రాతిమీద కూలబడి ఏడ్చాను. సిగ్గేమీ అనిపించలేదు.

ఏడుపు తగ్గాక నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. పొద్దున్న బుద్రు అన్న మాటే ఇది, విన్నది విన్నట్టు అప్పజెప్పింది, అందుకే ఆ యాస అని సర్దుకున్నాను. అది నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఇందాక పలికింది నువ్వేనా అమ్మా అని అడిగాను. మౌనిక తల అడ్డంగా ఊపింది.

"నేను పలకలేదు. అదే పలికింది."

అదెవరమ్మా అని రాజేశ్వరి అడిగింది. మౌనిక మా వెనక్కి చూసింది, గుంట వైపు చూసింది, తర్వాత ఆకలేస్తోందంది.

అప్పటికి గానీ మేం దాని తల చూడలేదు. పొద్దున్న రాజేశ్వరి రెండు జడలు వేసి ఎర్ర రిబ్బన్లు కట్టింది. ఇప్పుడు జడలు లేవు. జుట్టంతా ఒక పక్కకు దువ్వి, చెవి మీదుగా ముడి చుట్టి, అందులో వలిసె పూలు గుచ్చి ఉన్నాయి. సంతలో కొండ ఆడవాళ్ళకు చూశాను అలాంటి ముడి. జుట్టు నున్నగా నూనె రాసి ఉంది. మా ఇంట్లో వాడేది కొబ్బరినూనె. ఇది ఆ వాసన కాదు. బాబాయి గారి కొట్టులో వలిసె నూనె డబ్బా మూత తీస్తే వచ్చే వాసన. ఐదేళ్ళ పిల్ల తనకు తాను వేసుకునే ముడి కాదది. మేం దెబ్బలాడుకుని నవ్వుకున్న కాసేపట్లో ఇంకొకరు వేసే ముడి కూడా కాదు. రిబ్బన్లు ఎక్కడా లేవు.

తిరిగొచ్చి నేను సూటిగా బుద్రు దగ్గరికి వెళ్ళాను. నువ్వు పొద్దున్న చెప్పిన గుంట ఏ గుంటయ్యా అని అడిగాను.

"గుంటే బాబూ" అన్నాడు.

"గొయ్యా?"

"ఆఁ."

"పిల్లా?"

"ఆఁ."

రెంటికీ ఒకే గొంతుతో, ఒకే మొహంతో అన్నాడు. నాకు పిచ్చెక్కినంత పనైంది. రెండూ ఎలా అవుతాయయ్యా, ఏదో ఒకటి చెప్పు అని అరిచాను. ఆయనకు నా కోపం అర్థం కాలేదో, నా ప్రశ్నే అర్థం కాలేదో తెలియదు. ఇంతలో సుక్రి బయటికి వచ్చి మౌనిక ముడి చూసింది. వేలితో ఒకసారి తాకి, వాళ్ళ భాషలో ఏదో అంది. ఏమంటోంది అని అడిగాను. "బాగా కట్టింది అంతంది" అన్నాడు బుద్రు. ఎవరు కట్టింది అంటే మళ్ళీ చోళ్ళు చెరగడంలో పడిపోయాడు.

బాబాయి గారు తేలిగ్గా తీసేశారు. ఏ గొడ్లు కాసుకునే పిల్లో ముద్దొచ్చి ముడేసుంటాది, మిమ్మల్ని చూసి సిగ్గుపడి పారిపోయుంటాది అన్నారు. మంచి మాటే. నాక్కూడా కావలసింది అదే. అయితే అటు పక్క ఏ ఊరుందో చెప్పండి, వెళ్ళి ఆ పిల్లకు ఏదైనా ఇచ్చి వస్తాను అన్నాను. బాబాయి గారు, అటు ఊరేదీ లేదే అన్నారు.

మర్నాడు పొద్దున్న మౌనికను తల్లి దగ్గర వదిలి నేనొక్కణ్ణే వెళ్ళాను. రిబ్బన్ల కోసం గుంట చుట్టూ తీగలన్నీ కర్రతో ఎత్తి చూశాను. పశువుల పేడ గానీ, కాలిగుర్తు గానీ, ఏదైనా దొరుకుతుందని వెతికాను. ఏమీ దొరకలేదు. చివరికి బండ దగ్గర, ముందురోజు నిలబడిన చోటే నిలబడి, లైను టెస్టు చేసినట్టు, మౌనికా అని గట్టిగా పిలిచాను. కొండల్లో ప్రతిధ్వని మమ్మల్ని మోసం చేసిందేమోనని నా అనుమానం. నా గొంతు వెళ్ళింది, తిరిగి రాలేదు. ఎవరూ పలకలేదు. పలికి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు.

ఇంటికొచ్చి రిబ్బన్లు దొరకలేదని చెబితే రాజేశ్వరి ఎంత మామూలుగా అందో ఇప్పటికీ గుర్తు. తల దువ్వినందుకు ఉంచుకుందిలెండి, పోనిద్దురూ అంది. ఆవిడకు ఏది ఎలా జరిగిందో అక్కర్లేదు. పిల్ల మాట్లాడింది, చాలు. నాకు అంత తేలిగ్గా సరిపెట్టుకోవడం చేతకాలేదు.

ఇంటికి వెళ్ళే రైలు కూడా జనంతో కిటకిటలాడింది. మొదటి సొరంగం రాగానే పెట్టెలో కూతలు మొదలయ్యాయి. అందరికంటే పెద్ద కూత నా ఒళ్ళోంచి వచ్చింది. నా చెవి గింగురుమంది. సొరంగాలన్నీ అయిపోయేదాకా అది ఆపలేదు, నేను ఆపమనలేదు. నిశ్శబ్దం కోసం కొండలెక్కినవాణ్ణి, ఇంకో నాలుగు సొరంగాలుంటే బాగుండుననుకున్నాను.

ఆ ముసలి డాక్టరు, చెప్పానా, ప్రశాంతతను మించిన మందు లేదు అన్నాడు. టేపురికార్డరు సంగతీ, సంత సంగతీ ఆయనకు చెప్పబోయి ఊరుకున్నాను.

యాస ఆ ఒక్క మాటతోనే పోయింది. ఇంటికొచ్చాక మళ్ళీ మా రేపల్లె తెలుగే. కొన్నాళ్ళకు ఆ కొండ, ఆ చేను ఏదీ దానికి గుర్తులేదు. దాని ముందు ఆ సంగతి ఎత్తొద్దని రాజేశ్వరి నా దగ్గర మాట తీసుకుంది. మేం ఎత్తలేదు.

మౌనిక ఇంజనీరింగులో చేరిన ఏడాది, ఒక ఆదివారం మధ్యాహ్నం నా పక్కన వచ్చి కూర్చుంది. స్నేహితురాళ్ళంతా కలిసి అరకు వెళ్తున్నారట. ఇప్పుడక్కడ హోటళ్ళు, బస్సులు, అంతా జనమేనట. జనానికి తెలియని చోటు, పచ్చగా, చప్పుడు లేకుండా ఉండే చోటు చెప్పు నాన్నా, నువ్వూ అమ్మా ఎప్పుడో డుంబ్రిగుడ వెళ్ళారటగా అంది. రాజేశ్వరి పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆవిడ చెయ్యి ఆగింది.

నేను చాపరాయి చెప్పాను, కాఫీ తోటలు చెప్పాను, వలిసె పూలు ఎప్పుడు పూస్తాయో చెప్పాను. గెడ్డ దాటి అవతలికి మాత్రం వెళ్ళకండి అన్నాను.

ఎందుకు, అక్కడేముంటుంది అంది.

ఏదైనా చెప్పొచ్చు. పాములన్నా సరిపోయేది. కానీ నా నోట్లోంచి బుద్రు మాటే వచ్చింది, బుద్రు అన్నట్టే వచ్చింది.

"గుంట ఉంటాది."

మౌనిక నవ్వింది. నువ్వేంటి నాన్నా అమ్మమ్మలా మాట్లాడుతున్నావంది. తర్వాత, "గుంటంటే గొయ్యా?" అని అడిగింది.

"ఆఁ" అన్నాను.

"అమ్మమ్మ వాళ్ళు అనే గుంటా? పిల్లా?"

"ఆఁ" అన్నాను.

"అబ్బా, ఏదో ఒకటి చెప్పు నాన్నా" అని విసుక్కుంది.

దాని విసుగు చూసి నాకు కోపం రాలేదు. ఆ ముసలాయన మీద నేను అరిచిన అరుపు గుర్తొచ్చింది. ఆయన ఏదీ దాచలేదని నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. అడిగిందానికి తెలిసినంత చెప్పాడు. నాకూ అంతే తెలుసు.